బావ మెచ్చుకున్నాడంటే

పుణె,
12 జూన్ 2020

బావకి,

నమస్కారం. ఉత్తరం చూసి కంగారు పడకు, ఇక్కడ అంతా క్షేమం. అంతా అంటే నేనొక్కడినే. ఫోనుండగా ఉత్తరమెందుకని అక్క అడుగుతుంది. ఫోను చేస్తే తను స్పీకరు పెడుతుంది. నువ్వు నన్ను తిట్టబోయే సమయానికి మధ్యలో దూరి "పోనీలెండి పాపం" అంటుంది. సంగతి తేలదు. నాకిప్పుడు నీ పూర్తి మాట కావాలి.

నువ్వు మార్చి నెలాఖరున రిటైరయ్యావు. లాక్‌డౌను పుణ్యమా అని దండ లేదు, శాలువా లేదు, ఉపన్యాసాలూ లేవు. మీ మేనేజరు ఫోనులోనే దీవించాడట. అక్క చెప్పి నవ్వింది, నేనూ నవ్వాను. ఇప్పుడు నా వంతు వచ్చింది. మా స్కూలు ఆన్‌లైను క్లాసుల్లో సంగీతం ఎత్తేసింది. వచ్చే ఏడాది కూడా ఉండకపోవచ్చని ప్రిన్సిపాలు చాలా మర్యాదగా చెప్పింది.

అసలు విషయానికొస్తాను. ఐదో ఆల్బం సగం చేసి పెట్టుకున్నాను. పూర్తి చేయాలా, లేక నా ఎర్ర గిటారు ఎవరికైనా ఇచ్చేసి నోరు మూసుకోవాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. మన 'లూప్‌లైన్' బ్యాండు రోజుల్లో ఏ పాట ఉంచాలో ఏది పారేయాలో చెప్పేది నువ్వే. బ్యాంకు కౌంటరు మూసి, టై విప్పుకుంటూ వచ్చి డ్రమ్ముల వెనక కూర్చునేవాడివి. తల అడ్డంగా ఊపావంటే ఆ పాట పోయినట్టే. బ్యాండులోంచి బయటికొచ్చాక నేను సొంతంగా నాలుగు ఆల్బంలు చేశాను. వాటిలో ఒక్కటీ నువ్వు విన్నట్టు లేదు. వినమని నేనూ ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

మొదటి రెండూ క్యాసెట్లు, అక్క దగ్గరుంటాయి. మూడోది సీడీ. నాలుగోది ఇంటర్నెట్టులో ఉంది, మీ అమ్మాయి ప్రవల్లికను అడిగితే పెడుతుంది. వరసగా విని ఉన్నదున్నట్టు రాయి. ఐదోది ఉండాలో పోవాలో నీ మాట మీదే ఉంది.

నీ బావమరిది,
ఫణికుమార్


సూరత్,
25 జూన్ 2020

ఒంటరి గాయకశిఖామణికి,

ఉన్నదున్నట్టు రాయమన్నావు. ఇలాంటి కోరికలు కోరేముందు పెద్దవాళ్ళనెవరినైనా అడగాల్సింది.

ముందు నా భోగం విను. వరాఛా బ్రాంచిలో వజ్రాలు సానపట్టేవాళ్ళ మధ్య ఉద్యోగం వెలగబెట్టి, ఆఖరి రోజు మూతికి గుడ్డ కట్టుకుని తాళాలు అప్పజెప్పి వచ్చాను. ప్రస్తుతం మీ అక్క దగ్గర నా హోదా, కూరగాయలు సబ్బునీళ్ళతో కడిగేవాడు. మార్చిలో దేశమంతా పళ్ళేలు వాయించిన సాయంత్రం మాత్రం నాకు పని దొరికింది. మా రో హౌస్ సొసైటీ జనం వాయింపు వింటే తేళ్ళు కుట్టినట్టయింది, ఒకడి దారి ఒకడిది కాదు. ఇత్తడి పళ్ళెం పుచ్చుకుని గుమ్మంలో నిలబడి ఒక పట్టు పట్టేసరికి వీధి వీధంతా నా వెనకాలే వచ్చింది. సెక్రటరీ "బహు సరస్, భుజంగ్‌భాయ్!" అని గుజరాతీలో మెచ్చుకుని చేతులు జోడించాడు. నాకు జరిగిన సన్మానం అదొక్కటే.

ఇక నీ మొదటి ఘనకార్యం, 'ఒంటరి ప్లాట్‌ఫారం'. అట్ట మీద ఉధనా స్టేషన్లో ఉన్ని కోటు తొడుక్కుని నిలబడ్డావు. సూరత్‌లో ఉన్ని కోటు! వెనక బెంచీ మీద బనీనుతో కూర్చున్న పెద్దమనిషి నిన్ను అనుమానంగా చూస్తున్నాడు. ఆల్బం మొత్తంలో నాకు నచ్చింది ఆయనే.

మొదటి పాటలో "నేనొక రైలు, నువ్వొక స్టేషను, ఆగితే నేరం, ఆగకపోతే భారం" అని మొత్తుకున్నావు. రైలు స్టేషన్లో ఆగడం నేరమెలా అవుతుందిరా? మీ నాన్న అదే ఉధనాలో స్టేషన్ మాస్టరు. పెద్ద బండ్లకు దారిచ్చి చిన్న బండి ఆగే పట్టాను లూప్‌లైన్ అంటారని చెప్పి మన బ్యాండుకి పేరు పెట్టిందీ ఆయనే. ఈ పాట చెవిన పడి ఉంటే నీకు మెమో ఇచ్చేవాడు. మూడో పాటలో ఎవరో అమ్మాయిని పేరు పెట్టి పిలిచావు, మళ్ళీ పిలిచావు, మళ్ళీ పిలిచావు. ఆమె ఎందుకు రాలేదో పాట సగానికే నాకు అర్థమైంది. నీకు చివరిదాకా అర్థం కాలేదు.

అన్నిటికన్నా ఘోరం ఆ డబ్బా. సూరత్ నుంచి బొంబాయి దాకా డ్రమ్ములు వాయించే మనిషే కరువైనట్టు, మీట నొక్కితే మోగే యంత్రాన్ని పెట్టుకున్నావు. నీకు కోపమొస్తే దానికి రాదు. నువ్వు ఏడిస్తే అది ఏడవదు. రెండో వైపు ఆఖరి పాటలో ఒకచోట నువ్వు ఆలస్యంగా ఎత్తుకున్నావు. మనిషైతే ఆగేవాడు. అది ఆగలేదు, నిన్ను వదిలేసి తన దారిన తను పోయింది. మిగతా చరణమంతా దాని వెనక పరుగెత్తావు, సిగ్గు లేకుండా.

నా డ్రమ్ముల గురించి నువ్వెలాగూ అడగవు, నేనే చెబుతాను. అటక మీద ఉన్నాయి. పెద్దదాంట్లో మీ అక్క పాత బొంతలు కుక్కింది. వాటికి ఆ గౌరవమైనా దక్కింది.

మిగతావి కూడా వింటాను. పారిపోకు.

నీ చెవి మెలిపెట్టే హక్కున్న,
భుజంగరావు


పుణె,
14 జులై 2020

బావకి,

తిట్టు తిట్టుకీ ఒక నమస్కారం. ఉత్తరం చదివి చాలా రోజుల తర్వాత కడుపు నిండా అన్నం తిన్నాను. బావ బావమరిదిని తిట్టడం మానేస్తే రెండిళ్ళ మధ్యా ఏదో చెడినట్టే లెక్క అనేది అమ్మ. మీ పెళ్ళిలో లాజహోమం దగ్గర అక్క దోసిట్లో నేను పేలాలు పోస్తుంటే "లయ తప్పుతున్నావురా" అని పురోహితుడి ముందే గద్దించావు. అప్పుడే నువ్వు మా ఇంటివాడివైపోయావని అమ్మ మురిసిపోయింది.

కోటు సంగతి. అది నాన్నది, రైల్వేవాళ్ళు ఇచ్చింది. సూరత్‌లో ఆయన దాన్ని ఒక్కనాడూ తొడుక్కోలేదు కనక కొత్తదానిలా ఉండేది. నువ్వు గుర్తుపట్టి ఉంటావనుకున్నాను.

డ్రమ్ములకు మనిషి కరువా అని వెక్కిరించావు. ఆ ఏడాది నీకు ఆఫీసరు పరీక్షలు, ప్రవల్లిక పుట్టింది. "ఇక వాటిని వదిలించుకున్నాను" అని నువ్వే అన్నావు. అమ్మేశావనుకున్నాను బావా. బొంతలు దాచుకున్నావని నాకెలా తెలుస్తుంది?

ఆఖరి పాట మళ్ళీ విన్నాను. నువ్వన్నది నిజమే, యంత్రం నన్ను వదిలేసి పోయింది. ఐదోదానిలో యంత్రం మొత్తం తీసేశాను. బోసిగా ఉంది, అయినా తీసేశాను. రెండోది విను. తిట్లలో మొహమాటపడకు.

ఫణి


సూరత్,
4 ఆగస్టు 2020

ఒరే కోటు కుమారా,

మీ నాన్న కోటని నాకు తెలియదు. తెలిసినా అలాగే రాసేవాణ్ణి. ఆయన తొడుక్కోకుండా కాపాడుకున్నదాన్ని నువ్వు నలుగురికీ చూపించి పరువు తీశావు.

రెండో క్యాసెట్టు 'ఉప్పునీళ్ళు', మూడో సీడీ 'గాజు పిచ్చుక' ఒకదాని వెంట ఒకటి విన్నాను. దేవుడు నాకిచ్చిన ఆయుష్షులో ఆ మధ్యాహ్నం వృథా. 'ఉప్పునీళ్ళు'లో "తాపీ నీళ్ళలో నా ముఖం నన్ను అడిగింది" అని పాడావు. సూరత్‌లో పుట్టినవాడు రాయాల్సిన మాటేనా? తాపీ నదిలో అద్దకం నీళ్ళు కలిసేచోట చెయ్యి పెడితే చెయ్యే కనిపించదు, ముఖం ఎక్కణ్ణుంచి వచ్చింది? పైగా అది నిన్ను ఏదో అడిగిందట. ఏమడిగిందో పాట అయిపోయేదాకా చెప్పలేదు. అడిగి ఉంటే "ఈ డబ్బా ఎందుకురా" అని అడిగి ఉంటుంది. ఇందులోనూ అదే డబ్బా, అదే టక్కు టక్కు.

'గాజు పిచ్చుక'లో సితారు దూర్చావు. ఎవరో చెప్పి ఉంటారు, సితారు పెడితే పరాయి దేశంవాళ్ళు కొంటారని. వాళ్ళూ కొనలేదు. నువ్వు మామూలుగా కూనిరాగం తీస్తే మనుషులు వింటారు. అలా తీస్తే ఎవరైనా విని బాగుందంటారేమోనని భయపడి ప్రతి పాటలోనూ ఏదో ఒకటి అడ్డం పెట్టుకున్నావు. ఒకసారి సితారు, ఒకసారి వాన చప్పుడు, ఒకసారి ఇంగ్లీషు. నాకు చిరాకెత్తింది.

ఆ సమయానికి పరుశురాం వచ్చి పక్కన కూర్చున్నాడు. మా వెనక గదిలో అద్దెకుంటాడు, పాండేసరా బట్టల మిల్లులో పని. మేలో స్పెషల్ రైలెక్కి జగిత్యాల దగ్గర వాళ్ళ ఊరికి పోయి, అక్కడ పనిలేక పోయిన నెల తిరిగొచ్చాడు. బుద్ధిగా మొత్తం విని, "మంచిగనే పాడుతుండు గద సారూ, జర ఇంకోపారి పెట్టుండ్రి," అన్నాడు.

"నీకేం నచ్చిందయ్యా ఇందులో?" అన్నాను.

"ఏమో సారూ. మా తమ్మునితోని ఫోన్ల మాట్లాడినట్టున్నది. గాయన ఎవలు?"

"నా బావమరిది."

"అట్లనా! మరి గిట్ల తిడుతున్నరేంది?"

"బావమరిది కాబట్టే."

"గదీ కరెక్టే," అని ఒప్పుకుని, తన బావమరిదిని తిట్టడం మొదలుపెట్టాడు. అతని బావమరిది ఇక్కడే బమ్రోలిలో ఉంటాడు, పాడడు కూడా, అయినా నీకంటే ఎక్కువే తిట్లు తిన్నాడు. ఒకే ఒక్క శ్రోత దొరికాడు నీకు, సంతోషించు. అతనికి ఇంకోసారి పెట్టాల్సొచ్చింది, నేనూ ఇంకోసారి వినాల్సొచ్చింది. ఆ పాపం నీదే.

భుజంగరావు


సూరత్,
5 సెప్టెంబరు 2020

శ్రీమాన్ ఫణికుమార్‌కి,

నెల దాటింది. జవాబు లేదు. మీ అక్క ఫోను చేస్తే ఎత్తవు, "బాగున్నా" అని ఒక్క ముక్క మెసేజీ పెడతావు. మాట పడే ఓపిక లేనివాడు ఉన్నదున్నట్టు రాయమని ఎందుకు అడగాలి? ముద్దొచ్చే మాటలు కావాలంటే మీ ప్రిన్సిపాలునే అడగాల్సింది, ఆవిడ మర్యాదస్తురాలు కదా.

నాలుగోది ప్రవల్లిక తన ఫోనులో పెట్టింది. పేరు 'మౌనం'. నిడివి గంట. గంటసేపు గిటారు ఒకే తీగ మీద మూలిగింది. మధ్యలో అపార్టుమెంటు లిఫ్టు చప్పుడు వినిపించింది, అదే కాస్త హుషారుగా ఉంది. నోరు విప్పి పాడడం చేతకాక పెట్టిన పేరా అది? నీకున్నది ఆ గొంతొక్కటి. దాన్నీ మూసేసుకుని మౌనమన్నావు.

గిటారు ఎవరికైనా ఇచ్చేస్తానన్నావుగా. ఇచ్చెయ్యి. అదైనా సుఖపడుతుంది.

భుజంగరావు


సూరత్,
16 సెప్టెంబరు 2020

చిరంజీవి ఫణికుమార్‌కు ఆశీస్సులు.

మేమంతా ఇక్కడ క్షేమం. నీ ఆరోగ్యం త్వరలోనే కుదుటపడాలని భగవంతుణ్ణి ప్రార్థిస్తున్నాము.

నీ నాలుగు ఆల్బంలు శ్రద్ధగా విన్నాను. చాలా బాగున్నాయి. సాహిత్యం లోతుగా ఉంది. ముఖ్యంగా రైలును, స్టేషనును పోల్చిన తీరు అమోఘం. నీ గాత్రంలో మాధుర్యం, భావం రెండూ ఉన్నాయి. యంత్రంతో వాయించిన తాళం కూడా చక్కగా అమరింది. 'మౌనం' మనసుకు ప్రశాంతతనిచ్చింది. నీవంటి కళాకారుడు మా కుటుంబంలో ఉండడం మాకెంతో గర్వకారణం.

ఏ విషయానికీ దిగులు పడవద్దు. ధైర్యంగా ఉండవలెను.

ఇట్లు, నీ శ్రేయోభిలాషి,
బావ


పుణె,
28 అక్టోబరు 2020

బావకి,

బతికే ఉన్నాను. నీ ఉత్తరం చేసిన పనికి అది విడ్డూరమే.

ఆగస్టు చివర్లో జ్వరం పట్టుకుంది. అక్క కంగారు పడుతుందని చెప్పలేదు. ఊపిరాడక కొవిడ్ సెంటరులో చేర్చాక, మా పక్క ఫ్లాటు స్వరాజ్యంగారు అక్కకి ఫోను చేసింది. నాకొచ్చే ఉత్తరాలు ఆవిడే విప్పి, ఫొటో తీసి నా ఫోనుకి పంపేది. ముందు "ఇచ్చెయ్యి, అదైనా సుఖపడుతుంది" అన్న ఉత్తరం వచ్చింది. ముక్కుకి ఆక్సిజను గొట్టంతోనే నవ్వాను, దగ్గొచ్చింది, నర్సు కసిరింది. లిఫ్టు మాట తల్చుకుని ఆ రోజంతా హాయిగా ఉన్నాను. ఇంకా ఈ లోకంలోనే ఉన్నానని తెలిసింది.

తర్వాత రెండోది వచ్చింది. 'చిరంజీవి' అన్న మాట చూడగానే మంచం మీద లేచి కూర్చున్నాను. ముందుకు చదివాను. రైలూ స్టేషనూ అమోఘం. గాత్రంలో మాధుర్యం. డబ్బా చక్కగా అమరిందన్న దగ్గర ఇక ఆశ వదులుకున్నాను. డాక్టరు వస్తే, "మా ఇంటివాళ్ళకి మీరేం చెప్పారో నాకూ చెప్పండి, తట్టుకోగలను," అన్నాను. తగ్గుముఖం పట్టిందన్నాడు, రెండు రోజుల్లో గొట్టం తీసేస్తామన్నాడు. నేను నమ్మలేదు. డాక్టరైతే రోగి కోసం అబద్ధమాడతాడు గాని, మా బావ నన్ను ఊరికే మెచ్చుకోడు కదా. చనిపోయేవాడి గురించే ఇలా రాస్తారని నిశ్చయించుకున్నాను.

అప్పటికప్పుడు స్వరాజ్యంగారికి ఫోను చేసి, గిటారు ఎవరికైనా పనికొచ్చేవాళ్ళకి ఇచ్చెయ్యమన్నాను. ఆవిడ మా అపార్టుమెంటు భజన మండలికి ఇచ్చింది. మొన్న దసరాకి దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, హార్మోనియం పక్కన నిలబెట్టారు. ఫొటో పంపింది. తీగల నిండా పసుపే. అంత భక్తి చూశాక వెనక్కి ఎలా అడుగుతాను?

ఇంటికొచ్చాను, తిరుగుతున్నాను. పాడబోతే వాక్యం సగంలోనే ఊపిరి అయిపోతోంది. ఐదోది మానేశాను బావా. గిటారూ లేదు, గొంతూ లేదు. నీ చేత మెచ్చుకోలు రాయించుకున్నాను, ఇక అంతకంటే ఏం కావాలి?

ఫణికుమార్


సూరత్,
8 నవంబరు 2020

ఒరే దౌర్భాగ్యుడా,

మెచ్చుకుంటే చావబోయినవాణ్ణి నిన్నే చూశాను.

గిటారు ఇచ్చేశావని అక్టోబరు మొదట్లోనే మీ అక్క చెప్పింది. నేనేమనుకున్నానో తెలుసా? "ఇచ్చెయ్యి" అని రాశాను కనక ఇచ్చేశావనుకున్నాను. ఊపిరాడక పడున్నవాడికి అలాంటి మాట రాశానే అని ఇన్నాళ్ళూ ముద్ద గొంతు దిగలేదు. నీకు ఫోను చేయడానికి మొహం చెల్లలేదు. తీరా చూస్తే నిన్ను పడగొట్టింది తిట్టిన ఉత్తరం కాదు, మెచ్చుకున్న ఉత్తరం! ఇంత అవమానం నాకు బ్యాంకులో కూడా జరగలేదు.

ఆ ఉత్తరం నేను రాయలేదు. చెయ్యి నాది, మాటలు మీ అక్కవి. "వాడు ఆస్పత్రిలో ఉంటే లిఫ్టు చప్పుడు బాగుందని రాస్తారా? ఒక్క మంచి మాట రాయకపోతే ఈ ఇంట్లో మీకు కాఫీ లేదు," అని ఎదురుగా కూర్చుని చెప్పి రాయించింది. 'అమోఘం' నేనెప్పుడైనా వాడే మాటేనా? 'శ్రేయోభిలాషి' అట! ఆ ఉత్తరంలో ప్రతి అక్షరం వెనక్కి తీసుకుంటున్నాను. రైలు పాట పరమ దరిద్రం. డబ్బా దరిద్రం. 'మౌనం' విన్నరోజు నాకు తలనొప్పి వచ్చి అమృతాంజనం పట్టించుకున్నాను. ఇప్పుడు ప్రాణం కుదుటపడిందా?

ఇంకొకటి. నీ పాటలు నేనెప్పుడూ వినలేదని జూన్‌లో పెద్ద నిష్ఠూరంగా రాశావు. నీ మొదటి క్యాసెట్టు రెండో వైపు అరిగిపోయి, ఇప్పుడు నీ గొంతు ఆబోతు రంకెలా సాగుతోంది. వినని క్యాసెట్టు అరుగుతుందా? మీ అక్కకి టేప్ రికార్డరులో ఏ మీట నొక్కాలో ఈనాటికీ తెలియదు. ఆలోచించుకో.

ఊపిరి లేదని ఏడ్చావు. ఉన్నంతే పాడు. గిటారు దేవుడి దగ్గరుందా, ఉండనీ, ఇన్నాళ్ళకి దానికి మంచి సహవాసం దొరికింది. సితారు పెట్టావంటే మాత్రం ఊరుకోను. నిచ్చెన అడిగి తెచ్చాను. బొంతలు కిందికి దించుతున్నాను. మీ అక్క వాటిని ఎక్కడ పెట్టుకుంటుందో అది ఆవిడ గొడవ.

నీ బావ


పుణె,
20 జనవరి 2021

బావకి,

'దౌర్భాగ్యుడా' అన్న మాట చూశాక గాని నాకు పూర్తిగా నయం కాలేదు. స్వరాజ్యంగారు కూడా చదివి, "ఇది మీ బావగారి దస్తూరీయే" అంది.

భజన మండలివాళ్ళు గిటారు తిరిగి ఇస్తామన్నారు. వద్దన్నాను. వాళ్ళలో ఒకాయన దాని మీద హారతి పాట నేర్చుకుంటున్నాడు. చాలా ఘోరంగా వాయిస్తున్నాడు, కానీ రోజూ వాయిస్తున్నాడు.

ఐదోదానిలో మొదటి పాట ప్రవల్లిక ఫోనుకి పంపాను. పేరు 'లూప్‌లైన్'. గొంతొక్కటే ఉంటుంది. గిటారు లేదు, సితారు లేదు, డబ్బా లేదు. మూడో చరణంలో "పెద్ద బండి పోనీ" అన్న తర్వాత ఊపిరి అందక ఆగిపోయాను. చాలాసార్లు పాడి చూశాను, ప్రతిసారీ అక్కడే ఆగుతోంది. నువ్వు దాన్ని పట్టించుకోకుండా డ్రమ్ములు వాయించుకుంటూ పో. ఆ ఖాళీని తర్వాత నేను కంప్యూటర్లో కత్తిరించి అతికేస్తాను, ఎవరికీ తెలియదు. కుదరకపోతే వదిలెయ్యి, నాకు కోపం లేదు. చేతులు పట్టేశాయేమో, శ్రమ పడకు.

ఫణి


సూరత్,
2 మార్చి 2021

చేతులు పట్టేశాయా అని అడిగినవాడికి,

పట్టేశాయి. మొదటి రోజు వాయించాక చెంచా పట్టుకోలేకపోతే మీ అక్క నవ్వుతూ కలిపిపెట్టింది. అయినా నీ చేత వేళాకోళం చేయించుకునేంత పట్టెయ్యలేదు.

చుట్టుపక్కల మిల్లులకి సెలవు చూసుకుని వాయించాను. లేకపోతే మగ్గాల మోతలో నేనేం కొడుతున్నానో నాకే వినబడదు. పెద్ద డ్రమ్ములో ఒక బొంత లోపలే ఉంచేశాను, మోత గుండ్రంగా వస్తుంది. మీ అమ్మ కుట్టిన బొంత అది. పరుశురాం ఫోను పట్టుకుని నిలబడ్డాడు. ప్రవల్లిక "కదలొద్దు" అని చెప్పిందని, ముక్కు మీద ఈగ వాలినా తోలుకోలేదు. అయిపోయాక, "సారూ, మీరు గింత మంచిగ కొడ్తరని ఎన్నడు చెప్పలె గదా," అన్నాడు. అతను అందరినీ మెచ్చుకుంటాడు. పట్టించుకోనవసరం లేదు.

ఇక నీ పాట. పల్లవి ఎక్కడో విన్నట్టుంది, నీ దగ్గరే విన్నాను, రెండో ఆల్బంలో. 'పట్టా'కీ 'చెట్టా'కీ ప్రాస కలిపినవాణ్ణి నిలబెట్టి అడగాలి. రెండో చరణం పూర్తిగా అనవసరం. గొంతు గరగరలాడుతోంది, పాత తలుపు తీసినట్టుంది. డ్రమ్ములు వాయించినవాడెవడో గాని, ఈ పాట మొత్తానికి వాడొక్కడే కాస్త తెలిసినవాడు.

మూడో చరణం. పట్టించుకోకుండా వాయించుకుంటూ పొమ్మన్నావు. నేను మీట నొక్కితే మోగే డబ్బాననుకున్నావా? "పెద్ద బండి పోనీ" అని నువ్వు ఆగిపోయావు. నేనూ స్టిక్స్ పైకెత్తి పట్టుకుని ఆగిపోయాను. గుమ్మంలో మీ అక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నువ్వు ఊపిరి వెతుక్కోవడం వినబడింది. ఎంతసేపు పట్టిందో చూసుకోలేదు. అది దొరికి, నువ్వు మళ్ళీ ఎత్తుకున్నాకే కొట్టాను. సంగీతం తెలిసినవాడెవడు విన్నా అది తప్పంటాడు. తప్పే. దాన్ని కత్తిరించి అతికించావంటే మాత్రం, ఏ రైలు దొరికితే ఆ రైలెక్కి వచ్చి నీ కాళ్ళు విరగ్గొడతాను.

నిన్ను చిరంజీవి అని ఇంకెప్పుడూ అనని,
నీ బావ
భుజంగరావు